రొయ్యల చెరువు గట్టున మ్యూయాన్ పెట్టె

“…ఆకాశంలోంచి పడతాయని నువ్వు చెబితే సరిపోద్దా అక్కా? వాన కూడా ఆకాశంలోంచే పడుద్ది. దానికోసం నేనేవన్నా షెడ్డు ఖాళీ చేసిచ్చానా?”

“వానకి షెడ్డెందుకురా? రేకు మీద పడి ఆగిపోద్ది. ఇవి ఆగవు. రేకులోంచి, నీలోంచి, నీ రొయ్యల్లోంచి కూడా దూరి కిందకి పోతాయి.”

“అదిగో, ఆ మాటే అనొద్దంటున్నాను! మొన్న నువ్వు ఇలాగే చెబితే మేత చల్లేవాళ్ళిద్దరు పనిలోకి రామన్నారు. ఆ పెట్టెలోంచి ఏదో వచ్చి రొయ్యలు తేలుతున్నాయంట.”

“పెట్టెలోంచి ఏవీ రాదు. పెట్టెలోకి వస్తాయి.”

“రావడమో పోవడమో, నాకెందుకు? అమ్మ నీళ్ళు కాచిన రాగి కాగు నుజ్జు చేయించావు. నోరెత్తలేదు. ఇప్పుడు మేత బస్తాలు ఎక్కడ పెట్టుకోను, నా నెత్తి మీదా?”

ఎడ్విన్ ఈ మాటలన్నీ రేకుల షెడ్డు బయట, చెరువు గట్టు మీద బండి స్టాండు వేస్తూ విన్నాడు. ఏలూరులో బయల్దేరి, పెదపాడు దాటి, కొల్లేరు వైపు మట్టి గట్ల మీద దారి అడుక్కుంటూ వచ్చేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఆగి ఉన్నాయి. వాటి రెక్కల మీద కొంగలు తీరిగ్గా కూర్చున్నాయి. ఇంకొకడైతే దగ్గి, చెప్పుల చప్పుడు చేసి, లోపల గొడవ సద్దుమణిగాక వెళ్ళేవాడు. ఎడ్విన్‌కి అంత ఓపిక లేదు. తలుపు తీసి తల లోపల పెట్టాడు.

“వందనాలండి. మీ గొడవ అయ్యాక రమ్మంటారా, ఇప్పుడే రమ్మంటారా?”

ఇద్దరూ ఆగిపోయారు. తమ్ముడు జాకబ్ భారీ మనిషి, లుంగీ మోకాళ్ళ దాకా మడిచి ఉంది. అక్క రత్నమాణిక్యం గారు డెబ్బైకి దగ్గర్లో ఉన్న సన్నటి మనిషి. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని ఉన్నారు.

“ఎవరివయ్యా నువ్వు?” అన్నాడు జాకబ్.

“సత్యవేదం మాస్టారు పంపారండి. మన చర్చి సంఘం నూరేళ్ళ పండక్కి సావనీర్ పుస్తకం వేస్తున్నారు కదండి. అందులో రత్నమాణిక్యం గారి మీద రాయమన్నారు.”

“రాయి, బాగా రాయి. తమ్ముడి షెడ్డు ఆక్రమించిందని మొదటి వాక్యం రాయి.” జాకబ్ గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు. “అక్కా, మళ్ళీ చెప్పలేదనకు. రాగి పెడితే ఏదో తేడా వస్తదన్నావు. మేత లారీ వచ్చేలోపు ఆ తేడా నాకు చూపించు, షెడ్డు నీదే. లేదంటే పెట్టె ఎత్తించేస్తాను.”

అతను వెళ్ళిపోయాడు. రత్నమాణిక్యం గారు స్క్రూడ్రైవర్ కొసతో చెంప గోక్కున్నారు.

“నీకు ఫిజిక్స్ వచ్చా అబ్బాయ్?”

“రాదండి. తాడేపల్లిగూడెంలో బీటెక్ చేరి మానేశాను.”

“ఎందుకు?”

ఈ ప్రశ్న ఊళ్ళో అందరూ అడిగేదే. ఎడ్విన్ దగ్గర దానికి ఒక జవాబు తయారుగా ఉంటుంది. మొదటి ఏడాది ల్యాబ్‌లో లోలకం ప్రయోగం చేయించారు. ‘జీ’ విలువ కట్టమన్నారు. తొమ్మిది వందల ఎనభై రావాలని అందరికీ ముందే తెలుసు. అందుకని క్లాసులో ఒక్కడూ లోలకం ఊపలేదు. జవాబు దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టుకుంటూ పోయి రీడింగులు రాసేశారు. ఎడ్విన్ ఊపాడు. పదకొండు వందల చిల్లర వచ్చింది. అదే రాశాడు. సరిచేసి పట్టుకురమ్మన్నారు. తేనన్నాడు. మాటా మాటా పెరిగింది.

“అదొక్కటే కాదులెండి. బద్ధకం కూడా ఉంది. సబ్జెక్టులు తప్పాను,” అని చివర కలిపాడు. అబద్ధం ఆడితే అతనికి నోట్లో ఏదో ఇరుక్కున్నట్టుంటుంది.

ఆవిడ మెచ్చుకుంటారనుకున్నాడు. ఈ కథ విన్న పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు భుజం తట్టేవారు.

“పదకొండు వందలు ఎందుకొచ్చిందో చూశావా?”

“లేదండి.”

“దారం పొడవు తప్పు కొలిచి ఉంటావు. లేకపోతే ఊపులు తప్పు లెక్కపెట్టి ఉంటావు. వాళ్ళు లోలకాన్ని ఊపలేదు. నువ్వు ఊపి వదిలేశావు. పెద్ద తేడా లేదు.”

ఎడ్విన్‌కి చుర్రుమంది. వెళ్ళిపోదామనుకున్నాడు. కానీ ఈ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. తిట్టారో, నేర్పారో తేల్చుకోలేక అక్కడే ఖాళీ బస్తా మీద కూర్చుండిపోయాడు.

“అరచెయ్యి చాపు,” అన్నారు ఆవిడ.

చాపాడు.

“ఇప్పుడొకటి దూరింది. ఇదిగో, ఇంకొకటి. పైన గాలిలో పుట్టి వస్తాయి. మ్యూయాన్ అంటారు. ఎలక్ట్రాన్ లాంటిదే, కాకపోతే రెండొందల రెట్లు బరువు.”

ఎడ్విన్ అరచేతిలోకి చూసుకున్నాడు. బండి హ్యాండిల్ నలుపు తప్ప ఏమీ కనబడలేదు.

పెట్టె అంటే పెద్ద సొగసైనదేమీ కాదు. నల్ల గుడ్డలో, నల్ల టేపులో చుట్టిన రెండు మందపాటి ప్లాస్టిక్ పలకలు పైనొకటి, కిందొకటి. మధ్యలో కాగుని సుత్తితో బాది కోసిన రాగి రేకులు దొంతరగా ఉన్నాయి. పక్కన ఇనప డబ్బా. దాని ముందు వరసగా చిన్న గళ్ళు, గళ్ళలో ఎర్ర అంకెలు. చాలా మ్యూయాన్లు ఆగకుండా దూరిపోతాయి, ఎప్పుడో ఒకటి ఓపిక అయిపోయి పెట్టెలో ఆగిపోతుంది, ఆగాక చచ్చిపోతుంది అని ఆవిడ చెప్పారు. వెంటనే చస్తే మొదటి గడిలో అంకె ఒకటి పెరుగుతుంది. కాస్త ఆగి చస్తే రెండో గడిలో, ఇంకా ఆగితే మూడో గడిలో. అందుకని అంకెలు మెట్లు దిగినట్టు మొదటి గడిలో ఎక్కువ, చివరి గడిలో తక్కువ ఉండాలి.

“మరి రాగి ఎందుకండి?”

“ఆగిన వాటిలో సగం వాటిని రాగి ఎక్కువసేపు బతకనివ్వదు. పరమాణువు నడిబొడ్డున కేంద్రకం ఉంటుంది కదా, అది మింగేస్తుంది. అందుకని రాగి పెడితే మొదటి మెట్టు బాగా ఎత్తుగా ఉండాలి. ఆ తేడానే తమ్ముడికి చూపించాల్సింది. ఇంకో సంగతి, మింగిన రాగి ఇంక రాగిగా ఉండదు. నికెల్ అయిపోతుంది. ఒక న్యూట్రాన్‌ని బయటికి విసిరేస్తుంది.”

“అంటే మీ అమ్మగారి కాగు నికెల్ అయిపోద్దాండి?”

“మా అమ్మ దాంట్లో నీళ్ళు కాచిన రోజుల్నుంచీ అవుతూనే ఉంది. ఎప్పుడో ఒక పరమాణువు. కాగంతా మారాలంటే భూమి ఉండదు.”

ఎడ్విన్ ఏదీ పూర్తిగా బుర్రకెక్కించుకోకుండానే తల ఊపాడు. డబ్బా వెనక ఒక నాబ్ కనబడింది. దాని చుట్టూ పాత టేపు పీకేసిన జిగురు మరక ఉంది.

“ఇదేంటండి?”

“అది లోపలి గడియారాన్ని కాస్త తప్పుగా నడిపించే నాబ్. పెద్ద ల్యాబుల్లో వాడతారు, నలుగురు పనిచేసే చోట. ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్నే కదా, దానితో పని లేదు.”

ఆ మాట అప్పుడు ఎడ్విన్ పట్టించుకోలేదు.

తర్వాత వారాల్లో అతను చాలాసార్లు వచ్చాడు. సావనీర్ సాకే, కాకపోతే ఏలూరులో అతనికి వేరే పని కూడా లేదు. ఆవిడ కథ ముక్కలు ముక్కలుగా దొరికింది. తండ్రి మిషన్ బడిలో పంతులు. వాల్తేరులో ఎమ్మెస్సీ. ఆ తర్వాత కలకత్తాలో వేగంగా పోయే న్యూట్రాన్ల ధారని లోహాల మీద కొట్టే చోట ఉద్యోగం. అక్కడ మొదట్లో ఆవిడ చేసిన పని మైనం దిమ్మెలు మోసి గోడ కట్టడం.

“న్యూట్రాన్ల ధారకి మైనం గోడా? ఇనుముది కట్టొచ్చు కదండి.”

“నువ్వు గోళీలాడావా? గోళీతో ఇనప గుండుని కొడితే ఏవవుద్ది?”

“గోళీ వెనక్కొస్తది.”

“అంతే వేగంతో వస్తది. అదే ఇంకో గోళీని కొడితే?”

“మొదటిది ఆగిపోద్ది, రెండోది పోద్ది.”

“మైనం నిండా హైడ్రోజన్. న్యూట్రానూ అదీ ఒకే సైజు గోళీలు.”

ఆ ఒక్కటి మాత్రం ఎడ్విన్‌కి అర్థమైంది. మిగతాదంతా పొగమంచే. కలకత్తా తర్వాత ఆవిడ మంచు కొండల దేశంలో ఒక పెద్ద ల్యాబుకి వెళ్ళారు. అక్కడ మ్యూయాన్లు ఆకాశంలోంచి పడవు, యంత్రంలోంచి ధారగా వస్తాయి. వాటిని కేంద్రకాలు ఎంత జోరుగా మింగుతాయో కొలవడం పని. చాలా ఏళ్ళు చేశారు. పేపర్లు అచ్చయ్యాయి. ఒక్కో పేపరు మీద పెళ్ళి భోజనాల బంతిలా పేర్లు. వాటి మధ్యలో ఎక్కడో ఆవిడది.

“‘మేము కొలిచాం’ అని రాసేవాళ్ళం,” అన్నారొకసారి, టేపు కొసని గోరుతో వెతుకుతూ. “ఆ మేములో నేనెంత ఉన్నానో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. తీగలు లాగాను, వడపోసిన వాయువు నింపాను, షిఫ్టులు కూర్చున్నాను. మొదటినుంచి చివరిదాకా నా చేత్తో ఒక్కటంటే ఒక్కటి కొలవలేదు. లోకానికి కొత్త సంగతేం కాదు ఇది. పిల్లలు కూడా చేస్తారు. నాకు మాత్రం కావాలి.”

ఎడ్విన్ ఇంటికెళ్ళి ఫోన్‌లో రాసింది సత్యవేదం మాస్టారికి పంపాడు. మర్నాడే పిలుపొచ్చింది. రిటైరైన తెలుగు పంతులు ఆయన. కళ్ళజోడు ముక్కు కొసకి దించి చూశారు.

“ఏవయ్యా, ‘ఈమెకు పెద్దగా పేరు రాలేదు’ అని మొదలెడతావా? సావనీరా ఇది, ఫిర్యాదా?”

“రాలేదండి మరి. ఆవిడే చెప్పారు.”

“రాగి నికెల్ అయిపోతుందని రాశావు. సంఘం పుస్తకంలో ఈ గారడీ ఏంటి?”

“గారడీ కాదండి, నిజం. నాకూ సరిగ్గా తెలీదు గానీ నిజం.”

“తెలియనిది రాయకు. ఆవిడ కొలతేదో పూర్తికానీ, ఆ అంకె వేసి ముగిద్దాం. ప్రార్థనతో ముగించినట్టుంటుంది.”

అలా ఆ కొలత కోసం ఎదురుచూసేవాళ్ళు ముగ్గురయ్యారు: ఆవిడ, జాకబ్, మాస్టారు.

అడ్డం ఒక్కటే, ఏరియేటర్లు. చెరువుకీ షెడ్డుకీ ఒకటే లైను. నీళ్ళని చిలికే ఆ మోటార్లు తిరిగితే తీగల్లో పుట్టే చిటపటలకి డబ్బా మోసపోయి, లేని మ్యూయాన్లని లెక్కపెడుతుంది. గళ్ళన్నీ ఒకే ఎత్తున నిండిపోతాయి, మెట్లుండవు. మోటార్లు ఆపితే రొయ్యలకి ఊపిరందదు. బాగా ఎండ కాసే పూట మాత్రం నీళ్ళలో పాచే ఊపిరినిస్తుంది, ఆ చిలుకుడు అక్కర్లేదు. అందుకని ఎండ ఉన్నంతసేపే ఆవిడ పెట్టె నడిపేవారు. మబ్బు పట్టిందంటే జాకబ్ కంటే ముందు ఆవిడ ముఖం చూసి చెప్పొచ్చు.

మోటార్ల పని చూసేది బుచ్చిబాబు. కామవరపుకోట మెట్ట మీద నుంచి వచ్చి గట్టు మీదే కాపురం పెట్టినవాడు. ఒకరోజు వల విసిరి రొయ్య సైజు చూస్తున్నాడు. కిలోకి ఎన్ని తూగితే అంత కౌంట్.

“యాభై కౌంట్‌కి వచ్చుంటదేవిరా?” అన్నాడు జాకబ్ గట్టు మీద నుంచి.

“ఆయ్, వచ్చుంటదండి.”

“వల ఇంకా నీళ్ళలోనే ఉంది బుచ్చిబాబూ,” అన్నారు రత్నమాణిక్యం గారు.

“అయ్యగారికి యాభై కావాలండి. తూచితే మాత్రం మారుద్దా?”

ఆవిడ పడీ పడీ నవ్వారు. జాకబ్ నవ్వలేదు. ఎడ్విన్ ఎవరి వైపు నవ్వాలో తెలియక ఊరుకున్నాడు.

మేత లారీ వచ్చే రోజు దగ్గర పడుతుండగా ఆవిడ కంటి మీద పొర ముదిరింది. ఎర్ర అంకెలు అలుక్కుపోతున్నాయి. ఏలూరులో ఆపరేషన్ చేశారు. దుమ్ములోకి వెళ్ళొద్దని, కొన్నాళ్ళు కంటికి శ్రమ పెట్టొద్దని చెప్పారు. సత్యవేదం మాస్టారి ఇంట్లో ఉంచారు. చివరి విడత, అసలైన విడత మిగిలే ఉంది. రాగి లేకుండా తీసిన అంకెలు అయిపోయాయి, రాగితో తియ్యాల్సినవి ఉన్నాయి.

“నువ్వు కూర్చో ఎడ్విన్,” అన్నారు. “సాయంత్రం ఫోన్ చేసి గళ్ళలో ఏముందో చదువు. మాస్టారు రాసుకుంటారు. నేను మనసులో లెక్క కట్టుకుంటాను.”

మొదటి రోజు ఎండ కాసింది. మెట్లు ఉన్నాయి గానీ మొదటి మెట్టు ఎత్తో కాదో చెప్పలేనంత తక్కువ అంకెలు. రెండో రోజు నుంచి ముసురు పట్టింది. కొల్లేరు మీద మబ్బు పక్కపరుపులా వాలింది. రొయ్యలు పైకి తేలడం మొదలుపెట్టాయి. బుచ్చిబాబు మోటార్లు వేశాడు. గళ్ళన్నీ టపటపా నిండిపోయాయి, అన్నీ ఒకే ఎత్తు.

ఆ సాయంత్రం ఎడ్విన్ ఫోన్ తీశాడు. ‘ఏమీ రాలేదండి’ అనడానికే తీశాడు. ఆ విషయంలో తర్వాత ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నా, అతనికి ఇదే గుర్తుంది.

“చెప్పు నాయనా,” అన్నారు ఆవిడ. గొంతు నీరసంగా ఉంది. “కంటికి గుడ్డ కట్టి పడుకోబెట్టారు. ఇక్కడ మాస్టారు రోజంతా నాకు కీర్తనలు వినిపిస్తున్నారు. నువ్వు అంకెలు వినిపించు.”

నోటికి మొదట ఏ అంకె వచ్చిందో అతనికి తెలియదు. వచ్చింది. దాని తర్వాతది దానికంటే తక్కువగా వచ్చింది. ఆ తర్వాతది ఇంకొంచెం తక్కువ. మరీ నున్నగా ఉంటే అనుమానం వస్తుందని ఒక చోట కాస్త పెంచాడు. క్లాసులో అందరూ ఎలా చేసేవారో పక్క బల్ల మీద నుంచి చూసి ఉన్నాడు కదా, చెయ్యి తిరగడానికి ఎంతోసేపు పట్టలేదు. రాగి కాబట్టి మొదటి గడిని ఎత్తుగా పెట్టాడు.

అవతల మాస్టారు రాసుకుంటున్న చప్పుడు. తర్వాత నవ్వు. చిన్నపిల్ల నవ్వు.

“మాస్టారూ, మొదటిదాని కింద గీత గీయండి. మింగుతోంది. మా అమ్మ కాగు మింగుతోంది!”

ఎడ్విన్ ఫోన్ పెట్టేసి గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. నిజం రాసినందుకు కాలేజీ పోగొట్టుకున్నానని ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి తనే. అబద్ధం చదివింది కూడా తనే. ఇద్దరూ ఒకే చొక్కాలో ఎలా పట్టారో అతనికి బోధపడలేదు. రేపు నిజం చెప్పేస్తాననుకున్నాడు. రేపు కూడా ముసురే. రేపు కూడా అవతలి నుంచి ఆ నవ్వే. ముసురు విడిచేదాకా అలాగే సాగింది.

ఆవిడ నల్ల కళ్ళద్దాలతో గట్టు మీదకి తిరిగి వచ్చిన రోజు ఎండ ఫెళ్ళున కాస్తోంది. సత్యవేదం మాస్టారు కూడా వచ్చారు. ఆవిడ తను రాసిన కాగితం ఒకటి జాకబ్ ముందు పెట్టారు. రెండు మెట్ల వరసలు, రాగి లేనిదొకటి, ఉన్నదొకటి.

“చూడరా. తేడా కనబడుతోందా?”

జాకబ్ కాగితాన్ని కాక అక్క ముఖాన్ని చూశాడు. మెడ వెనక చెయ్యి వేసి రుద్దుకున్నాడు.

“కనబడుతోందిలే. ఉంచుకో నీ షెడ్డు. మేత బస్తాలు ఇంటి అరుగు మీద వేయించుకుంటాను. మా ఆవిడ నన్ను వాటి మీదే పడుకోబెడుద్ది.”

మాస్టారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. బుచ్చిబాబు టీ గ్లాసులు పట్టుకొచ్చాడు. తన వంతు మంచి మాట తనూ చెప్పాలనుకున్నాడు పాపం.

“అమ్మగారి పనీ అయింది, అయ్యగారి పంటా నిలబడిందండి. అంత ముసురులో ఒక్క రొయ్య పోతే ఒట్టు. పగలూ రాత్రీ మోటార్లు ఒక్క నిమిషం ఆపలేదండి నేను.”

టీ గ్లాసు అందుకోబోయిన ఆవిడ చెయ్యి గాలిలో ఆగింది.

“ముసురు నాళ్ళన్నీనా?”

“ఆయ్. అన్నీనండి.”

ఆవిడ కాగితాన్ని మడిచారు. ఇంకోసారి మడిచారు. “తమ్ముడూ, మాస్టారిని చెరువు చూపించడానికి తీసుకెళ్ళు,” అన్నారు. అందరూ వెళ్ళాక షెడ్డులో ఎడ్విన్ మిగిలాడు. నల్ల అద్దాల వెనక ఆవిడ ఎటు చూస్తున్నారో తెలియలేదు.

“నువ్వు చదివిన అంకెలు ఎక్కడివి?”

“నా బుర్రలోంచండి.”

“ఎందుకు?”

“తెలీదండి.”

“తెలీదంటే?”

“నిజంగా తెలీదండి. మీరు నవ్వారు. మర్నాడు ఆపుదామనుకున్నాను. మళ్ళీ నవ్వారు. మీకు షెడ్డు దక్కాలనో, నాకు భయమేసో, నాకే తేలట్లేదు. తిట్టండి, తిడితే బాగుంటది.”

ఆవిడ తిట్టలేదు. పెట్టె మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

“మెట్లు బాగానే దించావు. ఒక చోట తడబడినట్టు కూడా పెట్టావు. వంట వచ్చు నీకు.” అద్దాలు సర్దుకున్నారు. “కానీ వండింది నువ్వు, తిన్నది నేను. ముసురని నాకు తెలియదా? మాస్టారింటి చూరులోంచి రోజంతా నీళ్ళు కారుతున్న చప్పుడు విన్నాను. ముసురంటే మోటార్లు తిరుగుతాయి. ఇది నాకు తెలియాలి కదా? ఒక్కసారి కూడా అడగలేదు నిన్ను. ఎందుకడగలేదు?”

ఎడ్విన్ టేపు చుట్టని చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

“నాకు కావాల్సింది వస్తోంది కాబట్టి. వేరేది వచ్చి ఉంటే నిన్ను వంద ప్రశ్నలు వేసేదాన్ని.”

బయట జాకబ్ గొంతు వినబడింది. ఆవిడ లేచి గుమ్మం దగ్గరకి వెళ్ళి పిలిచారు. అతను వచ్చాడు, వెనకే మాస్టారు.

“తేడా రాలేదురా. ఆ అంకెలు మంచివి కావు. షెడ్డు తీసేసుకో.”

జాకబ్ అక్కనీ, పెట్టెనీ, ఎడ్విన్‌నీ మార్చి మార్చి చూశాడు.

“గంట కిందట వచ్చిందన్నావు!”

“రాలేదు.”

“నేను సరేనన్నాక రాలేదంటావేంటక్కా? నీకు ఒప్పుకున్నా బాధే, ఒప్పుకోపోయినా బాధే! మరి రాగిలో తేడా ఉందా, లేదా?”

“ఉండాలి. నేను చూడలేదు.”

“ఉండాలంటే ఉన్నట్టే కదా!”

“బుచ్చిబాబు యాభై కౌంట్ లాగా ఉన్నట్టు.”

 మొన్న వల వేసి తూచితే రొయ్య యాభైకి రాలేదు, ఆ సంగతి జాకబ్‌కింకా గుచ్చుకుంటూనే ఉంది. కాసేపు గట్టు మీద మట్టిని కాలి బొటనవేలితో కెలికాడు.

“రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు ఎండగడతాను,” అన్నాడు, ఎవరికో చెబుతున్నట్టు. “నేల నెర్రెలిచ్చేదాకా వదిలేస్తాం. అప్పుడు నీళ్ళుండవు, మోటార్లుండవు, మేతా ఉండదు. షెడ్డు ఊరికే పడుంటది. మళ్ళీ రొయ్య పిల్ల వదిలే రోజుకి మాత్రం ఖాళీ చెయ్యాలి. అప్పటికీ రాకపోతే ఇంక నన్ను అడగొద్దు. అంతే, ఇదే ఆఖరు.”

“అంతే,” అన్నారు ఆవిడ.

సత్యవేదం మాస్టారు మెల్లగా గొంతు సవరించుకున్నారు. “మరి సావనీర్‌లో అంకె, అమ్మా?”

“ఖాళీగా వదిలేయండి మాస్టారూ.”

“ఖాళీగా వదిలితే అచ్చుతప్పు అనుకుంటారమ్మా…”

ఆయన గొణుక్కుంటూ జాకబ్ బండి ఎక్కారు. ఎడ్విన్ కూడా తన బండి తాళం చేతిలోకి తీశాడు. రేపట్నుంచి ఇక్కడికి రావడానికి తనకి ముఖం లేదని అతని లెక్క. సావనీర్‌కి ఇంకెవరినైనా చూసుకోమని మాస్టారికి చెప్పాలి. తాళం దూర్చాడు గానీ తిప్పలేదు.

“ఎక్కడికి?” అన్నారు ఆవిడ.

“ఇంటికండి. ఇంక నన్నేం నమ్ముతారు?”

“నమ్మమని ఎవరన్నారు? ఇటు రా. డబ్బా వెనక చూడు.”

జిగురు మరక ఉన్న నాబ్.

“అక్కడ పెద్ద ల్యాబులో ఇంత చదువుకున్నవాళ్ళమూ ఒకరినొకరు నమ్ముకునేవాళ్ళం కాదు. ఎవరికి వాళ్ళం మమ్మల్ని మేమూ నమ్ముకునేవాళ్ళం కాదు. ఏ అంకె రావాలో తెలిస్తే ఆ అంకె వచ్చేదాకా తప్పులు వెతుకుతాం, రాగానే వెతకడం ఆపేస్తాం. అబద్ధమాడక్కర్లేదు, అలా ఆపేస్తే చాలు. అందుకని ఏ అంకె రావాలో ముందే తెలియకుండా గడియారాన్నే తప్పుగా పెట్టించేవాళ్ళం. ఎంత తప్పో పనితో సంబంధం లేని ఒక లైబ్రేరియన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఏళ్ళ తరబడి లెక్కలన్నీ ఆ తప్పు గడియారంతోనే కట్టేవాళ్ళం. అన్నీ ముగిసి, ఇంక ఒక్క అక్షరం మార్చం అని అందరూ ఒప్పుకున్నాక ఆ లైబ్రేరియన్ వచ్చి ఎంత తప్పో చెప్పేది. ఆ రోజు ఎవరికీ అన్నం దిగేది కాదు.” ఆవిడ అద్దాలు తీసి కళ్ళు చికిలించారు. “ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్నే, అక్కర్లేదనుకున్నాను. నేనొక్కదాన్నే ఉన్న చోటే ముందు కావాల్సింది.”

“నేనేం చెయ్యాలండి?”

“చెరువు ఎండిన రోజున రా. నేను గట్టు చివరికి వెళ్ళి అటు తిరిగి నిలబడతాను. నువ్వు ఆ నాబ్‌ని నీకు తోచినంత తిప్పు. ఎంత తిప్పావో గుర్తుపెట్టుకుని దాని మీద టేపు వేసెయ్యి. గళ్ళలో అంకెలు బుచ్చిబాబు చదువుతాడు, వాడికి ఏం రావాలో తెలియదు. నువ్వు డబ్బా ముందుకే రాకు. లెక్క నేను కడతాను. అయిపోయిందని నేను తమ్ముడి ముందు చెప్పేదాకా ఆ సంగతి నీ నోట్లోనే ఉండాలి.”

“నా నోట్లో ఏదీ ఆగదండి. ఊళ్ళో ఎవరినన్నా అడగండి.”

“తెలుసు. అందుకే ముందే అడుగుతున్నాను. మధ్యలో నేనొచ్చి ఎంత తిప్పావని అడుగుతాను ఎడ్విన్. తప్పకుండా అడుగుతాను, నా సంగతి నాకు తెలుసు. కాస్త ఎక్కువో తక్కువో, అదన్నా చెప్పమంటాను. పిల్ల వదిలే రోజు దగ్గర పడితే బతిమాలతాను, ఏడుస్తాను కూడా. అప్పుడు నాకు చెప్పకు నాయనా.”